క్యాంటీన్ మీదుగా భద్రగదికి

రాష్ట్ర ధ్రువపత్రాల పరిరక్షణ సంస్థ గేటు దగ్గర ఒక పద్ధతి ఉంది. లోపలికి వచ్చే మనిషి తాను ఎక్కడికి వెళ్తున్నాడో ఒక చీటీ మీద రాయాలి. గేటు దగ్గర కూర్చునే సైదులు ఆ చీటీలో మొదటి వరుస చదువుతాడు. అందులో ఉన్న చోటు అందరూ వెళ్లదగినదే అయితే స్టాంపు కొడతాడు. స్టాంపు పడ్డాక ఆ మనిషిని ఆ భవనంలో ఇంకెవరూ ఏమీ అడగరు. అడిగితే గేటును అనుమానించినట్టు అవుతుంది. గేటును అనుమానించడమంటే గేటును పెట్టించినవారిని అనుమానించడమే.

మొదట్లో సైదులు చీటీ అంతా చదివేవాడు. దాంతో క్యూ రోడ్డు మీదకి పాకి, ఒకరోజు సిటీ బస్సు ఆగిపోయింది. ఆ మర్నాడే నలభై ఏడో సర్క్యులర్ వచ్చింది. "గేటు సిబ్బంది చీటీయందలి ప్రథమ పంక్తిని మాత్రమే పరిశీలించవలెను. తదుపరి పంక్తుల పరిశీలన కాలహరణముగా పరిగణింపబడును." బస్సు కదిలింది. అందరూ సంతోషించారు.

తర్వాత సంస్థ ఆన్‌లైన్‌లోకి వెళ్లింది. రాష్ట్రంలో ఎవరు ఏ డిగ్రీ పాసైనా దాని అధికారిక నకలు ఈ సంస్థ కంప్యూటర్‌లోని 'భద్రగది'లో ఉంటుంది. ఆ భద్రగది ముందు కాపలా ఉండే సాఫ్ట్‌వేర్ తయారు చెయ్యడానికి వచ్చిన కంపెనీవాళ్లు, ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అని అడిగారు. జాయింట్ డైరెక్టరు హైమవతి గారు నలభై ఏడో సర్క్యులర్ జిరాక్సు తీయించి వాళ్ల చేతిలో పెట్టారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేసే మనుషులు. అలాగే చేశారు. దానికి 'మహాద్వారం' అని పేరు పెట్టి, కంప్యూటర్ తెరకి అడ్డంగా రిబ్బను కట్టి, డైరెక్టరు మార్కండేయులు గారి చేత కత్తిరింపజేశారు. తెర మీద చిన్న గీత పడింది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

ఆ మహాద్వారాన్ని కనిపెట్టుకుని ఉండే ఔట్‌సోర్సింగ్ సిస్టమ్ అసిస్టెంటు పేరు తలారి ఓబులేసు. అనంతపురం వైపు మనిషి. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే. నాన్న లింగప్ప చీనీ తోటకి కావలి; బత్తాయిని అటువైపు చీనీ అంటారు. కొడుకు డిగ్రీ పట్టా చేతికి రాగానే ఆయన దాన్ని టౌనుకు తీసుకెళ్లి ప్లాస్టిక్ తొడిగించాడు, వానకి తడవకుండా, ఎలక కొరక్కుండా. ఓబులేసు ఆ పట్టాను ఎప్పుడూ బ్యాగులోనే పెట్టుకు తిరుగుతాడు.

ఆ నెల మొదటి వారంలో ఓబులేసుకి పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. రాష్ట్ర వర్షపాత నమోదు మండలిలో జూనియర్ అసిస్టెంటు. నెలాఖరులోగా డిగ్రీ అసలైనదేనని ధ్రువీకరణ లేఖ తెచ్చి చేరాలి, లేదంటే తర్వాతి ర్యాంకువాడిని పిలుస్తారు. బ్యాగులో ఉన్న పట్టా చూపిస్తే చెల్లదు. భద్రగదిలో ఉన్న నకలు చూసి, పరిరక్షణ సంస్థ లేఖ ఇవ్వాలి. అంటే తాను పనిచేసే సంస్థే. ఓబులేసు 'దరఖాస్తులు' పేజీలో అందరిలాగే దరఖాస్తు పెట్టుకుని, అందరిలాగే ఎదురుచూడసాగాడు.

మహాద్వారం గుండా ఎవరు ఎటు వెళ్లారో దానంతట అదే ఒక చిట్టా రాసుకుంటుంది. సోమవారం సోమవారం ఆ చిట్టా చదవాలని నియమం. ఆ నియమం పాటించేవాడు రాష్ట్రంలో ఓబులేసు ఒక్కడే. ఆ సోమవారం అతనికి ఒక వరుస కనిపించింది. ఎవరో నోటీసు బోర్డు పేజీ అడిగారు. దాని పక్కన ఒక గీత, రెండు చుక్కలు, మరో గీత, ఆ పైన 'భద్రగది' అని రాశారు. రెండు చుక్కలంటే కంప్యూటర్ లెక్కలో ఒక అడుగు వెనక్కి అని. నోటీసు బోర్డు దాకా వస్తాను, అక్కడి నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, భద్రగదిలోకి పోతాను అన్నమాట. మహాద్వారం మొదటి మాట చూసింది. నోటీసు బోర్డు అందరిదీ. పొమ్మంది. లోపలి కంప్యూటర్ మిగతాది చదివి, ద్వారం చూసే పంపింది కదా అని, మర్యాదగా భద్రగది తలుపు తీసింది.

ఓబులేసు చిట్టాను మొదటి నుంచీ మళ్లీ చదివాడు. అలాంటి వరుసలు ఒకటి కాదు, నలభై మూడు ఉన్నాయి.

మధ్యాహ్నం నాన్న ఫోన్ చేసినప్పుడు మనసాగక చెప్పాడు. లింగప్ప అంతా విని నవ్వాడు.

"ఓరి నీ పాసుగూలా! ఇది మా తోటలో రోజూ జరిగేదే కదరా. వచ్చినోడు నీళ్లకి బాయికాడికి పోతాండా అంటాడు. బాయి యాడుండాది? తోట నడిమధ్యన. నీళ్లకని పోయినోడు చీనీకాయల మూటతో వస్తాడు."

"మరి నువ్వేం చేస్తావు నాయనా?"

"కంచెకాడ అడిగితే ఏం లాభం? చెట్టుకాడ నిలబడి అడగాల. ఆఖరికి యాడ తేలతాడో సూడాల. దీనికి డిగ్రీ కావాల్నా ఏంది?"

ఓబులేసు ఆ మాటే అధికార భాషలో పెట్టి, ఒక పేజీ నివేదిక రాసి హైమవతి గారికి ఇచ్చాడు. వచ్చినవాడు చివరికి ఎక్కడికి చేరతాడో ముందు తేల్చుకుని ఆపైన అనుమతి చూడాలని, భద్రగది తలుపు దగ్గర కూడా మరోసారి అడగాలని అందులో ఉంది. హైమవతి గారు కళ్లజోడు సర్దుకుని చదివారు.

"ఓబులేసూ, నువ్వు ఈ దారిన లోపలికి వెళ్లావా?"

"లేదు మేడం."

"వెళ్లకుండా, వెళ్లవచ్చని ఎలా రాశావు? ఆధారం లేని ఆరోపణ అవుతుంది."

"పోయినవాళ్ల వరుసలు చిట్టాలో ఉన్నాయి మేడం. కావాలంటే మీ ఎదురుగా ఒకసారి..."

"వెళ్తావా? అనధికార ప్రవేశం. నేరం. సాక్షిని నేనే."

వెళ్లకపోతే ఆధారం లేదు, వెళ్తే ఉద్యోగం లేదు. ఆవిడ అతని ముఖం చూసి, ఎందుకో కాస్త మెత్తబడి, డైరెక్టరు గారి ముందు పెడదాం పద అన్నారు.

మార్కండేయులు గారు సమస్యను సమగ్ర దృక్పథంతో చూసే మనిషి. అంటే దగ్గరగా చూడరు. ఓబులేసు కంప్యూటర్ మాటలు వదిలేసి గేటు చీటీ ఉదాహరణ చెప్పాడు.

"సార్, ఒకడు చీటీలో మొదట క్యాంటీన్ అని రాసి, కింద 'అక్కడి నుంచి వెనక్కి వచ్చి డైరెక్టరు గారి గది' అని రాస్తాడు. సైదులన్న మొదటి వరుస చూసి స్టాంపు కొడతాడు. వాడు నేరుగా మీ గదికి వస్తాడు సార్."

"ఊహాజనితం," అన్నారు డైరెక్టరు గారు. "నా గదికి ఎవరంటే వారు ఎలా వస్తారయ్యా? బయట అటెండరు ఉన్నాడు, అతనికి ముందు..."

తలుపు తెరుచుకుంది. అటెండరు దారి చూపిస్తుండగా, భుజాన పెద్ద సంచితో ఒక మనిషి లోపలికి వచ్చాడు.

"నమస్తేనండీ. కుక్కర్ గ్యాస్కెట్లు. మూడు లీటర్లది, అయిదు లీటర్లది, ఏడున్నర కూడా ఉందండీ."

డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది. "ఎవరు రానిచ్చారు నిన్ను?"

అతను చీటీ అందించాడు. మొదటి వరుసలో క్యాంటీన్. రెండో వరుసలో 'వెనక్కి వచ్చి, మెట్లెక్కి, డైరెక్టరు గారి గది'. పైన గుండ్రంగా స్టాంపు. డైరెక్టరు గారు స్టాంపు చూశారు. ముఖంలో ఎరుపు తగ్గింది.

"స్టాంపు ఉంది," అన్నారు. "కూర్చోండి."

అతను కూర్చున్నాడు. సైదులుని పిలిపించారు. సైదులు సర్క్యులర్‌ను జేబులో మడతపెట్టుకునే తిరుగుతాడు.

"నేనేం తప్పు చేశానండీ? మొదటి లైను చూడమన్నారు, చూశా. క్యాంటీన్ అందరిదీనూ. ఈయన మూడేళ్ల నుంచీ ఇట్టాగే వస్తన్నాడు, చాలా మంచోడు."

"మూడేళ్లా!"

"ఇంటికి కూడా ఇచ్చానండీ," అన్నాడు గ్యాస్కెట్ల మనిషి. "ఈ మేడం గారికి అయిదు లీటర్లది."

హైమవతి గారు కిటికీలోంచి బయటికి చూశారు.

అంతే, ఒక ఉన్నతస్థాయి కమిటీ పుట్టింది. మూడు సార్లు సమావేశమై, ప్రమాదానికి మూలం క్యాంటీన్ అని తేల్చింది. గ్యాస్కెట్ల మనిషి క్యాంటీన్ మీదుగా వచ్చాడు కాబట్టి, క్యాంటీన్ లేకపోతే వచ్చేవాడు కాదు. కనుక క్యాంటీన్‌ను నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించడమైనది. అదే తర్కంతో మహాద్వారంలో నోటీసు బోర్డు పేజీని కూడా మూసివేయడమైనది.

"సార్, తప్పు క్యాంటీన్‌ది కాదు," అన్నాడు ఓబులేసు. "లోపలి తలుపు దగ్గర ఇంకోసారి అడిగితే..."

"లోపలి తలుపు దగ్గర అడగడమంటే," అన్నారు డైరెక్టరు గారు, గొంతు బరువెక్కి, "నా చేతులతో రిబ్బను కత్తిరించిన మహాద్వారం మీద సంస్థకే విశ్వాసం లేదని లోకానికి చాటడం. విధానపరంగా అది ఆమోదయోగ్యం కాదు."

వారం తిరిగేసరికి చీటీల మీద మొదటి వరుసలో 'మంచినీళ్లు' అని రావడం మొదలైంది. కుళాయిలు తీయించారు. తర్వాత 'మరుగుదొడ్డి' అని వచ్చింది. అది మూయించిన రోజు మధ్యాహ్నానికల్లా సిబ్బందిలో సగం మంది సెలవు పెట్టారు. మహాద్వారంలోనూ అంతే. 'మమ్మల్ని సంప్రదించండి' పేజీ మీదుగా వస్తున్నారని దాన్ని మూశారు. 'తరచుగా అడిగే ప్రశ్నలు' మూశారు. 'పాస్‌వర్డ్ మరిచిపోయారా' మూశారు. ఆఖరికి చిట్టాలో ఒక వరుస చూపించి ఓబులేసు, "సార్, ఇప్పుడు 'డైరెక్టరు గారి ఛాయాచిత్రం' పేజీ నుంచి వెనక్కి అడుగేస్తున్నారు," అన్నాడు.

మార్కండేయులు గారు కుర్చీలోంచి లేచారు. "నా ఫోటో ఎక్కి లోపలికి దూకుతున్నారా?"

"ఫోటో అయినా ఇంకేదైనా ఒకటే సార్ వాళ్లకి. అందరికీ తెరిచిన పేజీ ఏదైతే..."

"తీసెయ్యండి," అన్నారాయన. భద్రత కోసం తన ముఖాన్నే త్యాగం చేశారని సిబ్బంది సంఘం ఆయనకి శాలువా కప్పింది.

తెరిచి ఉన్న పేజీలు ఇక రెండే మిగిలాయి. ఒకటి లాగిన్, రెండోది దరఖాస్తులు. ఇరవై మూడో తేదీన దరఖాస్తుల పేజీ కూడా మూసేశారు. అందులో నాలుగు వేల దరఖాస్తులున్నాయి, ఓబులేసుది ఒకటి.

అదే వారం ఇంకో సంగతి బయటపడింది. మహాద్వారంలో పాస్‌వర్డులకి వారం రోజులే ఆయుష్షు. గడువు తీరితే 'మరిచిపోయారా' పేజీకి వెళ్లి కొత్తది తెచ్చుకోవాలి. ఆ పేజీ లేదు. కాబట్టి ఇరవై ఆరో తేదీ నుంచి డైరెక్టరు గారితో సహా సంస్థలో ఏ ఒక్కరూ భద్రగదిలోకి వెళ్లలేకపోయారు. ఇది తెలిసి కమిటీ చప్పట్లు కొట్టింది. లోపలికి ఎవరూ రాలేని సంస్థ రాష్ట్రంలో ఇదొక్కటేనని, ప్రభుత్వం 'సంపూర్ణ భద్రతా పురస్కారం' ప్రకటించింది.

ఇరవై ఎనిమిదిన హైమవతి గారు ఓబులేసుని తన గదికి పిలిచి తలుపు వేశారు.

"నీ జాయినింగ్ ముప్పైయ్యో తారీఖేగా?"

"అవును మేడం. లేఖ రాలేదు."

"రేపు ఖాళీ అయ్యే డైరెక్టరు సీటుకి నా ప్రమోషన్ ఫైలు కూడా ఆగిపోయింది. నా డిగ్రీ ధ్రువీకరణ కావాలన్నారు. అదీ లోపలే ఉంది." ఆవిడ గొంతు తగ్గించారు. "లాగిన్ పేజీ ఒకటి తెరిచే ఉందిగా. అక్కణ్నుంచి ఒక అడుగు వెనక్కి వేస్తే..."

ఓబులేసు తెల్లబోయి చూశాడు. "అంటే మీకు అర్థమైందా మేడం?"

"అర్థం కాకపోవడానికి నేనేమైనా కమిటీనా? మొదటి రోజే అయింది." ఆవిడ కుర్చీ ముందుకు జరిపారు. "నాది తీసేటప్పుడు నీది కూడా తీసుకో. మన కాగితాలు మనం చూసుకుంటే తప్పేముంది? అర నిమిషం పని."

నిజంగానే అర నిమిషం పని. ఓబులేసుకి చీనీ తోట కంచె పక్కన కర్ర పట్టుకుని కూర్చున్న నాన్న గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్లు ఆ తోటకి కావలి ఉండి, రాలిన కాయ కూడా అడక్కుండా ఇంటికి తెచ్చింది లేదు. ముప్పైయ్యో తారీఖు కూడా గుర్తొచ్చింది.

"ఆ దారి మూయండని రాసింది నేనే మేడం," అన్నాడు చివరికి. "నేనే ఆ దారిన పోతే, రేపు ఎవరికి చెప్పాలి?"

"అయితే అనుభవించు!" ఆవిడ విసుగ్గా ఫైలు తెరిచారు. "నిన్ను చూస్తే జాలేస్తోంది, కోపమూ వస్తోంది. సరే, నెలాఖరులోగా ప్రతి దరఖాస్తునీ పరిష్కరించినట్టు చూపించాలి. నమూనా లేఖ ఉంది. అదే ఇస్తాను. నాక్కూడా అదే రాసుకుంటాను."

నమూనా లేఖలో మొదటి వరుస ఎప్పుడో అచ్చువేసి ఉంది. "పై అభ్యర్థి విద్యార్హతల విషయము సంస్థ సంపూర్ణముగా పరిశీలించినది." కింద ఖాళీలో హైమవతి గారు నిజాయితీగా రాశారు. "అయితే భద్రతా కారణముల రీత్యా సదరు పత్రము సంస్థకే కనబడుట లేదు. కావున అది ఉన్నదో లేదో చెప్పజాలము. అది మిక్కిలి భద్రముగా ఉన్నదని మాత్రము ధ్రువీకరించడమైనది." గుండ్రటి స్టాంపు కొట్టి ఇచ్చారు.

ఓబులేసు ఆ లేఖను మూడుసార్లు చదివాడు. ఇది పట్టుకెళ్తే ఉద్యోగం రాదని తెలిసిపోయింది. అయినా ఇచ్చిన కాగితం ఇచ్చినట్టు అప్పగించడం తన బాధ్యత కాబట్టి, ముప్పైయ్యో తేదీ పదిన్నరకి వర్షపాత నమోదు మండలికి వెళ్లాడు. వెళ్తుంటే గేటు దగ్గర సైదులు చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, దేవుడున్నాడులే," అన్నాడు. దాహంగా ఉందని కూడా అన్నాడు.

మండలిలో సూపరింటెండెంటు భుజంగరావు గారు లేఖ అందుకుని మొదటి వరుస పైకి చదివారు. "సంపూర్ణముగా పరిశీలించినది. భేష్." కిందికి చూపు జారకముందే సంస్థ గుండ్రటి స్టాంపు కోసం వెతికి, కనిపించగానే తన స్టాంపు తీశారు.

ఓబులేసు గుండె ఒక్కసారి పైకి లేచింది. నోరు మూసుకుంటే చాలు. ఆ స్టాంపు అర జానెడు దిగితే నాన్న తోటంతా చెప్పుకుని తిరుగుతాడు.

"సార్," అన్నాడు. "చివరిదాకా చదవండి సార్."

భుజంగరావు గారు కళ్లజోడు మీదుగా చూశారు. "ఎందుకయ్యా?"

"కింద... పరిశీలన జరగలేదని ఉంది సార్. కావాలంటే నా అసలు పట్టా బ్యాగులోనే ఉంది, చూడండి."

"పరిరక్షణ సంస్థ స్టాంపు వేసిందా లేదా?"

"వేసింది సార్."

"అంటే వాళ్లు చూశారు. వాళ్లు చూసినదాన్ని నేను మళ్లీ చూస్తే, వాళ్లని అనుమానించినట్టు కాదూ? మొన్ననే పురస్కారం కూడా వచ్చింది వాళ్లకి." స్టాంపు దిగింది. "పట్టా లోపల పెట్టుకో, దుమ్ము పడుతుంది. ఇన్వర్డ్ సీటు ఖాళీగా ఉంది. పోయి కూర్చో."

వచ్చిన ఉత్తరాలు చదివి, ఒక్కోదాని మీద నోట్ రాసి సూపరింటెండెంటు గారికి పంపడం ఇన్వర్డ్ సీటు పని. ఓబులేసు కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. ఆ ఉదయం వచ్చిన కట్టలో అన్నిటికన్నా పైన ఉన్న ఉత్తరం తనదే.

అలవాటు ప్రకారం చివరిదాకా చదివాడు. తర్వాత కలం తీసి, పక్క సీటువాళ్లని అడిగి తెలుసుకున్న పద్ధతి ప్రకారం నోట్ రాశాడు. "లేఖ అందినది. వివరములు దిగువన. ఆఖరి పేరా ప్రకారము అభ్యర్థి పత్రమును ఎవరూ చూడలేదు. అభ్యర్థి తలారి ఓబులేసు నియామకమును ఆపి, అసలు పట్టాను తనిఖీ చేయవలెను." కింద తలారి ఓబులేసు అని సంతకం పెట్టి, ప్లాస్టిక్ తొడిగిన పట్టాను దానికి జతచేసి, తానే పట్టుకెళ్లి భుజంగరావు గారి బల్ల మీద పెట్టాడు.

ఆయన మొదటి వరుస చదివారు. లేఖ అందినది. ఆమోదించడమైనది అని రాసి సంతకం చేశారు.

"చేరిన గంటలోనే నోట్ పెట్టావు," అన్నారు మెచ్చుకోలుగా. "పైకొస్తావు."

మధ్యాహ్నం ఫోన్ మోగింది. లింగప్ప.

"ఏమైందిరా? ఆఖరికి యాడ తేలినావు?"

"లోపలే తేలినా నాయనా. కుర్చీ ఇచ్చినారు."

అవతల తోటలో పక్షుల అరుపు మధ్య ముసలాయన నవ్వు.

"పట్టా చూసినారా మరి? అంత ఖర్చు పెట్టి ప్లాస్టిక్ తొడిగిస్తిని."

"చూడలేదు నాయనా. తలుపు కాడ ఎవరూ ఏమీ అడగలా."

లింగప్ప నవ్వు ఆపాడు. "ఎవరూ అడగలా?" అన్నాడు, నమ్మలేనట్టు. "అట్లయితే అబ్బోడా," అన్నాడు, "నువ్వు ఇంగ ఆ తలుపు కాడనే కూర్చో."

ఓబులేసు ఫోన్ పెట్టేసి, కట్టలోంచి రెండో ఉత్తరం తీశాడు. పరిరక్షణ సంస్థ కొత్త డైరెక్టరుగా హైమవతి గారు బాధ్యతలు స్వీకరించినట్టు తెలియజేసే లేఖ అది. మొదటి వరుస చదివి, రెండో వరుస మీద వేలు పెట్టాడు.